నల్లరాతి ఇంటికి నేను వేసిన టైల్స్

డాక్టర్ సాబ్ పోయారన్న కబురు వచ్చినప్పుడు నేను దుకాణంలో ఒకాయనకు బాత్రూం టైల్స్ చూపిస్తున్నాను. ఫోన్ చేసింది ఆయన దగ్గర ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసిన కాంపౌండర్ అన్న. "సాబ్ పోయిండు. పొద్దున చాయ్ తాగిండు, పేపర్ చేతుల పట్టుకున్నడు, గంతే," అన్నాడు. నా ముందున్న మనిషి టైల్‌ను అటూ ఇటూ తిప్పి, "గిది కాలు జారదు గదా?" అని అడుగుతున్నాడు. జారదని చెప్పి షట్టర్ దింపాను.

బోధన్‌లో ఆయన ఇల్లు మా దుకాణానికి సరిగ్గా ఎదురుగా, రోడ్డుకు ఆ పక్కన. నేను రోడ్డు దాటేలోపే జనం మొదలయ్యారు. మధ్యాహ్నానికి రెంజల్ నుంచి, కోటగిరి నుంచి ఆటోలూ ట్రాక్టర్లూ వచ్చి నిలబడ్డాయి. ఆయన్ను ముందు గదిలో, రోగుల్ని చూసే బల్ల పక్కనే పడుకోబెట్టారు. దండం పెట్టుకుని బయటికొచ్చిన ఒక పెద్దాయన గోడను అరచేత్తో నిమిరి, "ఇల్లు మాత్రం మంచిగ పెట్టుకున్నడు సాబ్. నిన్న కట్టినట్టే ఉన్నది," అన్నాడు. పక్కనున్నవాళ్ళు అవునన్నట్టు తలలూపారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. చావింట్లో కోపం తెచ్చుకోకూడదని తెలుసు, అయినా వచ్చింది. ఆ పెద్దాయన మీద కాదు. ఆయన నిమిరిన గోడ మీది టైల్స్ నావి. నేనే ఇచ్చాను, నేనే దగ్గరుండి వేయించాను. పదకొండో రోజున చౌరస్తాలో కట్టిన ఫ్లెక్సీలో కూడా డాక్టర్ సాబ్ చేతులు కట్టుకుని నవ్వుతున్నారు, వెనకాల నా టైల్స్ తళతళలాడుతున్నాయి. పేదల డాక్టర్ అని, హస్తవాసి ఉన్న మనిషి అని పత్రికల్లో రాశారు. అన్నీ నిజాలే. ఆ ఇంటి సంగతి మాత్రం ఎవరూ రాయలేదు. రాయాల్సినవాణ్ణి నేనే కాబట్టి రాస్తున్నాను.

ఆ ఇల్లు తెలియనివాళ్ళకు చెప్పాలి. నిజాం జమానాలో కట్టిన నల్లరాతి ఇల్లు. ఎవరు కట్టించారన్నదానికి మా ఊళ్ళో రెండు కథలున్నాయి. కాలువ పనికి వచ్చిన ఇంజనీరని కొందరు, చెరుకు బేరం చేసిన సేటని కొందరు. డాక్టర్ సాబ్ తండ్రి కొన్నప్పటి నుంచి మాత్రం కాయితాలున్నాయి. గోడలు రెండడుగుల మందం. రాయికీ రాయికీ నడుమ సిమెంటు చుక్క లేదు. గానుగ పట్టిన సున్నం, ఇసుక, బెల్లం నీళ్ళు, అంతే. చెరుకు పండే సీమ కదా, బెల్లానికి కరువు లేదు. ముందర కమాన్ల వరండా, పైన గాలికి చిన్న కిటికీల్లాంటి రోషన్‌దాన్లు. మే నెల ఎండలో కూడా ముందు గదిలో ఫ్యాన్ వేయనక్కర్లేదు. కొత్తగా కట్టిన మా ఇంట్లో ఏసీ ఉంది, అయినా మధ్యాహ్నం నేను పేపర్ చదివే వంకతో ఆయన వరండాలోనే కూర్చునేవాణ్ణి.

ఆ రాళ్ళు చెక్కిన పనివాళ్ళు ఎవరి రాయి మూలన వాళ్ళు ఒక చిన్న గుర్తు పెట్టుకున్నారు. ఒకరిది చేప. ఒకరిది నెలవంక. ఒకరిది బాణం. ఒకరిది మూడు చుక్కలు. ఎవరి పని ఏదో తెలియడానికట. అక్షరం రానివాళ్ళు పెట్టుకున్న సంతకాలన్నమాట. డాక్టర్ సాబ్ దవాఖాన తెరిచిన తొలి రోజుల్లో, వచ్చే రోగుల్లో చదువుకున్నవాళ్ళు తక్కువ, బోర్డులు రాసి పెట్టినా లాభం లేదు. ఆయనేం చేశారంటే, వరండాను ఆ గుర్తులతోనే పంచారు. దగ్గు వచ్చినవాళ్ళు చేప గుర్తు కింద కూర్చోవాలి, అది చివరన, గాలి బయటికి పోయే వైపు. జ్వరాలు నెలవంక కింద. దెబ్బలు, తేలు కాట్లు బాణం కింద, తలుపు పక్కనే, ముందుగా లోపలికి తీసుకోవాలి కాబట్టి. కడుపుతో ఉన్నవాళ్ళు మూడు చుక్కల కింద, అక్కడి బెంచీ కొంచెం ఎత్తు, లేవడం సులువు.

కాంపౌండర్ అన్న గేటు దగ్గర నిలబడి, "అవ్వా, దగ్గా? చేప కాడ కూసో. బాపూ, నువ్వు బాణం కాడికి నడువ్," అని పంపించేవాడు. మహారాష్ట్ర వైపు నుంచి వచ్చేవాళ్ళకు తెలుగు రాదు, అయినా చేపను చూపిస్తే చాలు, వెళ్ళి కూర్చునేవాళ్ళు. మా వాడలో ఆడవాళ్ళ మాటల్లోకి కూడా ఇది ఎక్కింది. "వాళ్ళ కోడలు మూడు చుక్కల కాడ కూసున్నదట" అంటే ఇంకేం చెప్పక్కర్లేదు, స్వీట్లు పంచాల్సిందే.

నా భార్య ఆరు నెలలు చేప కింద కూర్చుంది. టీబీ. అప్పుడు మాకు పెళ్ళయి రెండేళ్ళు. ఆ జబ్బు పేరు బయటికి పొక్కితే చుట్టాలు గడప తొక్కరని మా భయం. డాక్టర్ సాబ్ నన్ను లోపలికి పిలిచి, "రోజు పొద్దున గీడికి పంపు. నా ముంగట గోలీ మింగాలె. ఎవరన్న అడిగితే దమ్ము రోగం అని చెప్పు," అన్నారు. ఆరు నెలల్లో ఒక్కరోజు కూడా తప్పనివ్వలేదు. ఒకసారి ఆమె వాన అని రాకపోతే, ఆయనే గొడుగు పట్టుకుని, గోలీ జేబులో వేసుకుని రోడ్డు దాటి వచ్చారు. ఆయన నోటి నుంచి ఆ మాట మూడో మనిషికి చేరలేదు. ఇప్పుడు నేను రాస్తున్నానంటే నా భార్య రాయమన్నది కాబట్టి.

ఆయన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. రెండు మూడు మాటలు మాత్రం మళ్ళీ మళ్ళీ అనేవారు. దెబ్బకు కట్టు కడుతున్న కాంపౌండర్ అన్నతో, "గట్టిగ బిగియ్యకు. పుండుకు గాలి తగలాలె," అనేవారు. సెలైన్ పెట్టమని పట్టుబట్టే రోగులతో, "సగం రోగాలు మనం ఆగం చెయ్యబట్టే పెరుగుతయి," అనేవారు. ఇంకా మొండికేస్తే, "సరే, మాట్లాడుదాం," అనేవారు. ఆ మాటకు అర్థం కుదరదని. అది చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ తెలుసు. మాట్లాడుదాం అన్నారంటే రెండు గోలీలు తీసుకుని ఇంటికి పోవడమే.

ఏటా జూన్‌లో వచ్చే మిరుగం వానలకు ముందు మాక్లూర్ వైపు నుంచి ఒక ముసలి మేస్త్రి బకెట్లో నానిన సున్నం తెచ్చేవాడు. రాళ్ళ నడుమ సందుల్లో ఎక్కడ రాలిందో అక్కడ పూసేవాడు. డాక్టర్ సాబ్ స్టూలు వేసుకుని పక్కనే కూర్చుని, వేలితో సున్నం తీసి, బొటనవేలికి రాసి చూసి, "ఇంకా కొంచెం బెల్లం నీళ్ళు పొయ్యి," అనేవారు. ఆ తర్వాత గోడ పొడుగునా నడుస్తూ, ఎడమ చేతి వేలు రాయి మీద ఆనించి, కుడి చేతి వేలితో దాని మీద కొట్టి వినేవారు. రోగి ఛాతీ మీద, వీపు మీద ఎట్లా కొడతారో అట్లాగే. ఎక్కడ తడి ఉందో, ఎక్కడ సందు పడిందో ఆ చప్పుడులో తెలుస్తుందట. మా టైల్స్ పనిలో కూడా వేసిన టైల్‌ను కర్రతో తట్టి చూస్తాం, కింద సిమెంటు నిండలేదంటే డొల్లగా పలుకుతుంది. "మీదీ నాదీ ఒక్కటే పని సాబ్," అని నేను నవ్వితే ఆయనా నవ్వేవారు.

ఆ నవ్వు చూసి నేను చనువు తీసుకున్నాను. "ఎన్నొద్దులని గీ సున్నం గోకుడు సాబ్? టైల్స్ ఏస్తే జిందగీల మళ్ల గోడ దిక్కు సూసే పనుండదు," అని ఏటా అనేవాణ్ణి. ఆయన ఏటా, "మాట్లాడుదాం," అనేవారు. ఆ మాటకు అర్థమేమిటో ఊరందరికీ తెలుసన్నాను కదా. నాకూ తెలుసు. కాని నాకు పనికొచ్చే చోట మాత్రం నేను దాన్ని సరే అని విన్నాను.

ఆయన దవాఖాన తెరిచి యాభై ఏళ్ళు నిండుతున్నాయని తెలిసినప్పుడు మేం కొందరం కూర్చున్నాం. శాలువా కప్పుదామని ఒకరన్నారు. రైస్ మిల్లు నడిపే అన్న ఉన్నాడు, ఆయన బిడ్డకు డాక్టర్ సాబ్ ప్రాణం పోశారు. ఆ అన్న, "శాలువలు సాబ్ కాడ పెట్టెనిండ ఉన్నయి. ఆయినె ఇల్లు సూడుండ్రి, నల్లగ, పాతగ. మనందరి ఇండ్లు కొత్తగైనయి, మన పాణాలు నిలవెట్టినోని ఇల్లు గిట్లుంటే మనకు ఇజ్జత్ ఉన్నదా?" అన్నాడు. మా ఊరి లెక్క అది. ఒక మనిషిని గౌరవించాలంటే ఆయన ఇంటికి రంగు తేవాలి. అందరి కళ్ళూ నా వైపు తిరిగాయి. నేను నా దుకాణంలో ఉన్న వాటిలో మంచివి, లేత గోధుమ రంగువి, రెండడుగుల పొడవు ఒక అడుగు వెడల్పు టైల్స్ తీసిపెట్టాను. నా భార్య ప్రాణానికి అది తక్కువే అనుకున్నాను.

ఆయన కంటి ఆపరేషన్‌కు హైదరాబాద్ పోయి, చెల్లెలి బిడ్డ ఇంట్లో మూడు వారాలు ఉండాల్సి వచ్చింది. మాకు అంతకంటే మంచి అదను దొరకదు. ఆయన వచ్చేసరికి పని అయిపోవాలి, చూసి సంతోషపడాలి. కాంపౌండర్ అన్న ఒక్కడే, "సాబ్‌ను ఒక మాట అడుగుండ్రి," అన్నాడు. "అడిగితే వద్దంటడు. ఆయిన గుణం తెల్వదా నీకు?" అని మేమే నోరు మూయించాం. వద్దంటాడని మాకు తెలుసు. తెలిసే చేశాం. దీన్ని ప్రేమ అనుకున్నాం.

నున్నని రాయి మీద సిమెంటు పట్టదు. పట్టాలంటే ఉలితో రాయి నిండా గాట్లు పెట్టాలి. రెండు రోజులు ముగ్గురు మనుషులు అదే పని చేశారు. ఉలి కొడుతుంటే నిప్పురవ్వలు లేచేవి. "మస్తు మొండి రాయన్నా, ఉలి మొనలు పోతున్నయి," అని మేస్త్రి మొత్తుకుంటే, "ఇంకా దగ్గర దగ్గర కొట్టు, రేపు ఒక్క టైల్ ఊడినా ఇజ్జత్ పోతది," అన్నాను. నా నోటితో అన్నాను. చేప గుర్తు మీద ఉలి పడినప్పుడు నేను అక్కడే నిలబడి చాయ్ తాగుతున్నాను. చూశాను. అయ్యో అని కూడా అనిపించలేదు. అటు రోడ్డు మీద పోయేవాళ్ళు బండ్లు ఆపి మెచ్చుకుంటున్నారు, ఆ ధ్యాసలో ఉన్నాను.

డాక్టర్ సాబ్ నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని కారు దిగారు. మేం దండ పట్టుకుని నిలబడ్డాం. ఆయన చాలాసేపు గోడ వైపు చూశారు. తర్వాత నడిచి వెళ్ళి, ఎడమ చేతి వేలు టైల్ మీద ఆనించి, కుడి చేతి వేలితో కొట్టి విన్నారు. ఇంకో చోట కొట్టారు. నేను ఆయన పక్కకు పోయి, "డొల్ల ఎక్కడ లేదు సాబ్. నేనే దగ్గరుండి నింపిచ్చిన," అన్నాను. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, "మస్తు కష్టపడ్డరు," అన్నారు. మేమంతా చప్పట్లు కొట్టాం. మా తెలివి అంతటిది.

మర్నాటి నుంచి వరండాలో గందరగోళం మొదలైంది. దగ్గేవాళ్ళు కడుపుతో ఉన్నవాళ్ళ పక్కన కూర్చునేవారు. తేలు కుట్టిన మనిషి చివరన కూర్చుని ఏడుస్తుంటే ఎవరూ చూడలేదు ఒకరోజు. కాంపౌండర్ అన్న కాయితాల మీద ఒకటి, రెండు, మూడు అని రాసి అతికించాడు, అవి ఎవరికీ ఎక్కలేదు. ఆ ఏడు వానలు పడగానే ముందు గది లోపలి గోడకు చెమట పట్టింది. సున్నం గోడ వాన నీళ్ళు పీల్చుకుని ఎండకు బయటికి వదిలేసేది. బయట మేం సిమెంటూ టైల్సూ వేసి మూసేశాం కదా, నీళ్ళు లోపలికి దారి చూసుకున్నాయి. మందుల బీరువా వెనక బూజు పట్టింది. టేకు దూలం కొన మెత్తబడింది. ఆయన తన బల్లను గోడ నుంచి రెండడుగులు ఇవతలికి జరుపుకుని, మళ్ళీ రోగుల్ని చూడసాగారు. నన్ను ఒక్క మాట అనలేదు.

అసలు సంగతి తర్వాత తెలిసింది. మా రోడ్డు వెడల్పు చేస్తారన్న మాట అప్పటికి కొన్నాళ్ళుగా నలుగుతున్నది. అదే జరిగితే ఆయన వరండా, ముందు గది పోతాయి. పాత కట్టడాల జాబితాలో చేరితే మాత్రం ముట్టుకోరు. అందుకని ఆయన ఆపరేషన్‌కు పోకముందే దరఖాస్తు పెట్టారు, ఇంటి చరిత్ర, సున్నం పని, గుర్తుల సంగతి అన్నీ తన చేత్తో రాసి. తన తర్వాత ఆ ముందు గదిలో ఇంకో డాక్టర్ కూర్చోవాలని, ఇల్లు దవాఖానగానే ఉండాలని ఆయన కోరిక. మాకు చెప్పలేదు. చెప్పి ఉంటే అని నేను ఎన్నిసార్లు అనుకున్నానో. చెప్పలేదని ఆయన మీద కూడా నాకు కోపమే.

ఆ దరఖాస్తు మీద హైదరాబాద్ నుంచి పాత కట్టడాల శాఖ మేడం ఒకామె వచ్చింది. మంచి మనిషే. చెప్పులు విప్పి వరండా ఎక్కింది. చేతిలో డాక్టర్ సాబ్ రాసిన కాయితాలు ఉన్నాయి. నేనూ రైస్ మిల్లు అన్నా గేటు దగ్గర నిలబడ్డాం.

"సార్, రాళ్ళ మీద పనివాళ్ళ గుర్తులున్నాయని రాశారు. వాటిని చూడటానికే వచ్చాను. ఎక్కడున్నాయి?" అని అడిగింది.

"ఉండె. ఇప్పుడు లేవు," అన్నారు డాక్టర్ సాబ్.

"ఈ టైల్స్ ఎవరు వేయించారు?"

నాకు నోరుంది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా గిరాకీలతో వాగే నోరు. అప్పుడు లేవలేదు. రైస్ మిల్లు అన్న నేల చూస్తున్నాడు.

"నేనే ఏపిచ్చుకున్న," అన్నారు డాక్టర్ సాబ్. "ముసలితనం గదమ్మా. ఏటేట సున్నం పని చేపిచ్చే ఓపిక లేకపాయె."

"దరఖాస్తు పెట్టిన తర్వాత కూడానా సార్?"

"ఔ."

మేడం ఆయన చెప్పిందే రాసి, సంతకం చేయించుకుంది. పోతూ పోతూ గోడ వైపు చూసి, "రాయి అట్లాగే ఉండి ఉంటే జిల్లాలో ఇట్లాంటిది ఇంకోటి దొరికేది కాదు సార్," అన్నది. రెండు నెలలకు జవాబు వచ్చింది. యజమాని స్వయంగా కట్టడం రూపు మార్చినందున జాబితాలో చేర్చడం వీలు కాదని.

ఆ కాయితం చదివి నేను ఆయన ముందు కూర్చున్నాను. "అట్లెందుకు చెప్పిండ్రు సాబ్?" అన్నాను.

"ఇంకెట్ల చెప్పాలె? పది మంది ప్రేమతోని చేసిండ్రు, పేర్లు రాసుకోమ్మా అని చెప్పాల్నా?"

"తప్పు మాది సాబ్."

"తెలుసు," అన్నారు.

ఆయన నన్ను తిట్టింది ఆ ఒక్క మాటతోనే. తర్వాత వెంటనే, "నీ పేరు రాస్తే రాయి మళ్ల వస్తదా? నీకు దుకాణం ఉన్నది, ఈ ఊర్ల మొఖం ఎత్తుకొని తిరగాలె నువ్వు. పో, గిరాకీ నిలబడ్డడు సూడు," అని రోడ్డు అవతలికి పంపించారు. గట్టిగా అరిచి ఉంటే నాకు ఎంత హాయిగా ఉండేదో. ఆ తర్వాత ఏడాది తిరక్కుండానే పోయారు. ప్రభుత్వం కాయితాల్లో మాత్రం ఆ ఇంటిని పాడు చేసినవాడు ఆయనే అని మిగిలిపోయింది.

పదకొండో రోజు అయ్యాక రైస్ మిల్లు అన్న మా దుకాణానికి వచ్చాడు. డాక్టర్ సాబ్ బొమ్మ పెడదాం, వరండా మెట్లు తీసేసి గ్రానైట్ దిమ్మె కడదాం, నలుపా ఎరుపా చెప్పు అన్నాడు. నేను ఏమన్నానో ఇక్కడ రాయలేను. ఆ అన్నతో నాకిప్పుడు మాటల్లేవు. మర్నాడు పొద్దున బస్సెక్కి నిజామాబాద్ పోయాను.

పాత కట్టడాల శాఖ ఆఫీసులో ఒక క్లర్క్ నా మాట చివరిదాకా విన్నాడు. ఫైలు తెప్పించి చూశాడు. "ఓనర్ సంతకం ఉన్నది గదన్నా, నేనే ఏపిచ్చిన అని. ఆయిన ఇప్పుడు లేకపాయె. మీ మాట ఎట్ల తీస్కోవాలె? మీరు ఆయినకు ఏమైతరు?"

"ఎదురుంగ మా దుకాణం," అన్నాను.

"గట్ల నడవదన్నా. ఈ ఫారం నింపుండ్రి, మళ్ల చూడుమని పెడ్త. ఏమైతదో నేనైతే చెప్పలేను."

ఫారంలో పేరు, అడ్రసు రాశాను. ఆ కింద, కట్టడంతో దరఖాస్తుదారుకు గల సంబంధం అని ఉంది. యజమాని, వారసులు, కిరాయిదారు, ఇతరులు. ఇతరులైతే వివరించాలి, అర గీత జాగా ఇచ్చారు. చాలాసేపు పెన్ను పట్టుకుని కూర్చున్నాను. తర్వాత ఇట్లా రాశాను: "ఈ ఇంటి రాళ్ళకు గాట్లు పెట్టించి టైల్స్ వేయించినవాణ్ణి. యజమాని తానే వేయించానని చెప్పింది అబద్ధం." జాగా చాలక చివరి మాట గీత దాటి కిందికి పోయింది. ఆయన పోయాక ఊరంతా ఆయన గురించి గొప్పగా మాట్లాడింది, ఆయన అబద్ధమాడాడని రాసింది నేనొక్కణ్ణే. క్లర్క్ చదివి, నా మొహం చూసి, ముద్ర వేశాడు. "ఒక ఫోటో కావాలె. లోపల పాత రాయి ఉన్నట్టు కనవడాలె," అన్నాడు.

ఇప్పుడు ఇంటికి వారసురాలు ఆయన చెల్లెలి బిడ్డే. ఆమెకు ఫోన్ చేసి అడిగాను. "తీయండి అంకుల్, అన్నీ తీసినా నాకేం అభ్యంతరం లేదు," అన్నది. ఆదివారం పొద్దున, నా దుకాణంలో పనిచేసేవాళ్ళను ఎవరినీ పిలవకుండా, సన్న ఉలి, సుత్తె పట్టుకుని నేనే మొదలుపెట్టాను. అమ్మడం వచ్చినవాడికి తీయడం రాదని అప్పుడు తెలిసింది. తలుపు పక్కన, తల ఎత్తులో ఉన్న ఒక్క టైల్ ఊడదీయడానికి నాకు మూడు గంటలు పట్టింది. దాని వెనక సిమెంటును గోకి, నీళ్ళు కొట్టి, కొబ్బరి పీచుతో రుద్దాను. నిండా గాట్లు, గాటు గాటులో తెల్లగా సిమెంటు. అయినా రాయే. లేత గోధుమ రంగు గోడ నడుమ రెండడుగుల పొడవు, ఒక అడుగు వెడల్పు నల్లరాయి. ఫోటో తీసుకున్నాను. రోడ్డు మీద పోయేవాళ్ళు బండ్లు నిదానం చేసి చూస్తున్నారు, ఈసారి ఎవరూ మెచ్చుకోవడం లేదు.

అప్పుడే రెంజల్ ఆటో ఆగి ఒక ముసలావిడ దిగింది. భుజాన సంచి, చేతిలో కర్ర. మెల్లగా నడిచి నా పక్కన నిలబడి ఆ రాయి వైపు చూసింది.

"బిడ్డా, గిది డాక్టర్ సాబ్ దవాఖానేనా?"

"ఔనవ్వా."

"పోయిన వానకాలంల రెండుమార్లు వచ్చి ఎన్కకు మళ్ళిన. ఇల్లు కనవడకపాయె. కూలగొట్టిండ్రేమో, సాబ్ ఎటో పోయిండేమో అనుకున్న. ఇయ్యాల గా నల్లది కండ్లవడ్డది, ఆటో ఆపుమన్న."

ఆమె వచ్చిపోయిన ఆ రెండుసార్లూ డాక్టర్ సాబ్ లోపలే ఉన్నారు. నేను ఉలి కింద పెట్టాను. ఆమె సంచిలోంచి ఒక పాత మందుల చీటీ తీసి, మడతలు జాగ్రత్తగా విప్పి, చీర కొంగుతో మొహం తుడుచుకుని, లోపలికి ఎప్పుడు పిలుస్తారా అని తలుపు వైపు చూస్తూ నిలబడింది.